కర్త లేని వాక్యాల సారు

మా సంస్థ నుంచి పోయిన వారం నా ఫోనుకు ఒక మెసేజి వచ్చింది. ఇప్పుడది మాది కాదు, అయినా నోటికి అలాగే వస్తుంది. సారు చనిపోయారట. ఆయన జ్ఞాపకార్థం ఒక సంచిక వేస్తున్నారట. ఆయనతో కలిసి పనిచేసినవాళ్ళు తలా ఒక పేజీ మధుర స్మృతులు రాసి పంపాలట. కింద చేతులు జోడించిన బొమ్మ. ఇన్నేళ్ళుగా నేను రిజిస్టరు పోస్టులో పంపిన ఉత్తరాలకు జవాబు రాసే తీరిక దొరకని ఆఫీసు, నా ఫోను నంబరు మాత్రం భద్రంగా దాచుకుంది. నేను ఎక్కడున్నానో తెలియలేదని ఇకమీదట ఎవరూ అనడానికి లేదు.

సరే, రాస్తున్నాను. పేజీ దాటుతుంది. కత్తిరిస్తే, ఎవరు కత్తిరించారో కింద పేరు వేయమని మనవి.

ఆయన పేరు మాత్రం రాయను. మనుషుల పేర్లు కాగితం మీదికి ఎక్కడం ఆయనకు బతికినన్నాళ్ళూ ఇష్టం లేదు. ఆ ఒక్క విషయంలో ఆయన మాట వింటాను. మిగతావాటిలో వినేది లేదు.

కదిరిలో మా ఆఫీసు బస్టాండు వెనక వీధిలో ఒక ఎరువుల అంగడి మీద ఉండేది. మెట్లెక్కుతుంటేనే మందుల వాసన. వాగులకూ వంకలకూ అడ్డంగా చెక్‌డ్యాంలు కట్టించడం, బీళ్ళలో గుంతలు తవ్వించి చెట్లు పెట్టించడం మా పని. నేను ఊళ్ళు తిరిగే కార్యకర్తను. ఏ ఊళ్ళో ఏం జరిగిందో తెలుగులో రాసి తెచ్చేవాణ్ణి. దాన్ని ఇంగ్లీషు రిపోర్టుగా మార్చి, ఎక్కడో దూరదేశంలో ఉండి మాకు నిధులిచ్చేవాళ్ళకు పంపడం సారు పని. అంతకుముందు ఆయన అనంతపురంలో ఏదో కాలేజీలో పాఠాలు చెప్పేవారని కొందరూ, కాదు ఏదో సర్కారు ఆఫీసులో ఉండేవారని కొందరూ అనేవాళ్ళు. నేను ఒకసారి నేరుగానే అడిగాను.

"పాఠాలయితే చెప్పబడినాయి లేప్పా" అన్నారు.

నవ్వుతూ అన్నారా, నిజంగానే అన్నారా అన్నది తేలలేదు. ఆయన దగ్గర ఏదీ తేలేది కాదు.

కిటికీ పక్కన ఆయన బల్ల. తెల్లటి పొట్టిచేతుల చొక్కా, జేబులో ఎర్రసిరా పెన్ను. మే నెల ఎండలో కూడా వేడినీళ్ళే తాగేవారు. బల్ల మీద వస్తువులన్నీ బల్ల అంచుకు సమంగా ఉండాలి. ఎవరైనా వచ్చి ఫైలు ఒకింత వంకరగా పెట్టిపోతే, ఎదుటి మనిషితో మాట్లాడుతూనే చిటికెన వేలితో దాన్ని నెట్టి సరిచేసేవారు. హోటల్లో దోసె ప్లేటు సరిచేసేవారు. బస్సులో పక్కావిడ కాళ్ళ దగ్గర పెట్టుకున్న టమోటాల గంపను సరిచేయబోయి ఒకసారి తిట్లు తిన్నారు. "నా గంపతో నీకేం పని సామీ, చెయ్యి తీయి" అందావిడ. ఆయన చెయ్యి తీశారు గానీ, దిగేదాకా ఆ గంప వైపే చూస్తూ కూర్చున్నారు.

ఇంకో విడ్డూరం, ఆయన "నేను" అనేవారు కాదు. స్కూటరు మీది నుంచి పడి మోచెయ్యి చెక్కుకుపోయి వచ్చిన రోజున మేమంతా చుట్టూ మూగి ఎలా పడ్డారని అడిగాం.

"బండి పడింది."

"బండి దానంతట అదే పడిందా సార్? మీరు బ్రేకు వేయలేదా?"

"బ్రేకు పడింది. అందుకే బండీ పడింది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పట్లో నాకు నవ్వులాటగానే ఉండేది.

రిపోర్టుల దగ్గర మొదటిసారి నాకు తేడా అనిపించింది. ఒక ఊళ్ళో గుంతల పని గురించి నేను ఒళ్ళు దాచుకోకుండా రాశాను. ఫలానా ఆయన, ఆయన భార్య, నెలలు నిండిన కోడలు కలిసి రాతినేలలో గుంతలు తవ్వారనీ, కోడలు గుంత గట్టున కూర్చుని గడ్డపార అందించిందనీ, కూలి ఆలస్యమైతే ఆ ఇంటాయన మేస్త్రీతో పోట్లాడాడనీ. ఎంతో బాగా రాశాననుకున్నాను. ఇంగ్లీషులో అది ఒకే ఒక్క వాక్యమైంది. తెలుగులో ఉన్నదున్నట్టు చెప్పాలంటే: "గుంతలు తవ్వబడినవి." ఆ మనుషులు లేరు. గడ్డపార లేదు. పోట్లాట అసలే లేదు. గుంతలు మాత్రం ఉన్నాయి, ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు.

పైగా నా తెలుగు కాగితాన్ని అందరి ముందూ చదివి, "ఇది రిపోర్టా, పెండ్లి సంగతా?" అని నవ్వారు. ఆయన పోయారు, నిజమే. ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

శనివారం మధ్యాహ్నాలు మమ్మల్ని కూర్చోబెట్టి ఇంగ్లీషు చెప్పేవారు. యాక్టివ్ వాయిసు, పాసివ్ వాయిసు. టెన్త్‌లో చదివి వదిలేసిన ముక్కలే. నల్లబల్ల మీద గీసిన గీత కూడా బల్ల అంచుకు సమంగా ఉండేది.

"రాముడు రావణుణ్ణి చంపినాడు. దీంట్లో మొదట ఎవురుండారు?"

"రాముడు సార్."

"రావణుడు రాముని చేత చంపబడినాడు. ఇప్పుడు రాముడు యాడుండాడు?"

"ఎనకాల సార్."

"రావణుడు చంపబడినాడు. ఇప్పుడు?"

సారు నల్లబల్ల మీది రాముణ్ణి తుడిచేశారు.

"లేడు. ఇదప్పా రిపోర్టంటే."

వెనక వరుసలోంచి మా జీపు డ్రైవరు అడిగాడు: "అట్లయితే సార్, రాముని మీద కేసు ల్యా?"

"ల్యా" అన్నారు సారు, సుద్దముక్క పెట్టెలో సమంగా పెడుతూ.

అప్పటి నుంచి పాత రిపోర్టులు తీసి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నాకొకటి కనిపించింది. సంస్థ ఏదైనా ప్రారంభిస్తే వాక్యం మొదట్లోనే డైరెక్టరు మేడం ఉంటారు. మేడం రిబ్బను కత్తిరించారు, మేడం మొక్క నాటారు, మేడం రైతులతో ముచ్చటించారు. చెట్లు ఎండిపోతే మాత్రం "ఆశించిన ఫలితం పొందబడలేదు". సిమెంటు తడిసిపోతే "కొంత నష్టం గమనించబడింది". ఎవరు గమనించారు? ఎవరు తడవనిచ్చారు? నేను ఇది ఎత్తి చూపితే సారు కళ్ళద్దాల మీదుగా నన్ను చూసి, "బాగా చదువుతాండావే" అన్నారు. మెచ్చుకోలు కాదది. ఆ మరుసటి వారం నుంచి పాత రిపోర్టుల బీరువాకు తాళం పడింది. ఎవరు వేశారని అడగలేదు. అడిగితే ఏం జవాబు వస్తుందో తెలుసు.

ఒకరోజు ఊరికి పోతూ టీ అంగడి దగ్గర బస్సు కోసం కూర్చున్నప్పుడు అడిగాను, పేరంటే ఎందుకు సార్ మీకంత భయమని. చెప్పారు.

"ఒకతూరి రాసింటి. ముందుండిన ఉద్యోగంలో. ఫలానా ఓవర్సీరు తప్పు చేసినాడని, పేరుతో సహా. ఉద్యోగం పాయ ఆయప్పది. ఆయప్ప పెండ్లాము మా ఇంటికొచ్చి గడప మింద కూర్చున్నది."

"ఏమనింది సార్?"

"ఏమీ అన్లేదు. కూర్చున్నది. పొద్దుగూకేదంకా."

టీ గ్లాసును బెంచీ అంచుకు జరిపారు. నాకు జాలేసింది. బస్సెక్కాక మాత్రం ఇంకో ఆలోచన వచ్చింది. ఇది నిజంగా జరిగిందా, నా నోరు మూయించడానికి అల్లారా? ఇప్పటికీ రెండూ అనిపిస్తాయి.

ఇక ఆ రోజు సంగతి. నేను ఈ సంచికకు రాయడానికి ఒప్పుకున్నదే దాని కోసం.

మా ఊరి వంక మీద చెక్‌డ్యాం మంజూరైంది. ఎక్కడ కట్టాలన్నది ఊరివాళ్ళే తేల్చాలని సంస్థ పద్ధతి. అందుకు ఊరిని నేల మీద గీస్తారు. బడి ముందరి మైదానం చిమ్మి, నీళ్ళు చల్లి, ఆడవాళ్ళు ముగ్గుపిండితో దారులు, పొలాల గట్లు వేస్తారు. వంకకు నీలం రంగు. చెట్లకు వేపరొట్ట, ఇళ్ళకు చింతపిక్కలు, బోర్లకు గులకరాళ్ళు. చెక్‌డ్యాం ఎక్కడ కావాలో అక్కడ ఒక ఇటుక ముక్క. మాట్లాడుకుని, పోట్లాడుకుని ఆ ఇటుకను పెడతారు. తర్వాత ఆ బొమ్మను పెద్ద చార్టు మీదికి ఎక్కించి ఊరివాళ్ళ చేత సంతకాలు పెట్టిస్తారు. ఎక్కించేటప్పుడు మా వాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. నేల మీద ఏముంటే కాగితం మీద అదే ఉండాలి. కార్యకర్త ఒక్క గీత దిద్దినా అది ఊరి మాట కాకుండా పోతుంది. మంచి కట్టుబాటే.

పొద్దున్నే నేనూ సారూ బస్సులో వెళ్ళాం. ఊరు ఊరంతా వచ్చింది. ఓబులేసు మామ, అంటే నాకు వరసకు మామ, వంక ఎగువన ఉన్న పైకయ్యల్లో శెనక్కాయలు వేసే రైతు, అందరికంటే గట్టిగా వాదించాడు. వంక ఇరుకైన చోట, పైకయ్యల దగ్గర కడితే చిన్న రైతులందరి బోర్లకూ ఊట వస్తుందని. అందరూ ఒప్పుకున్నారు. ఇటుకను ఆయనే పెట్టాడు. నేను చూశాను. మైదానం పక్కన కుర్చీ వేసుకుని రాసుకుంటున్న సారూ చూశారు.

అంతలో జీపు వచ్చింది. మేడం, ఇంజనీరు, నిధులిచ్చేవాళ్ళ తరఫున వచ్చిన ఇద్దరు అతిథులు. దండలు పట్టుకుని నన్ను జీపు దగ్గరికి పొమ్మన్నారు. ఆడవాళ్ళు బొట్టు పెట్టడానికి హారతి పళ్ళెంతో వచ్చారు. మగవాళ్ళు అతిథులను చూడటానికి వచ్చారు. ముగ్గు దగ్గర సారు ఒక్కరే మిగిలారు. దండలు పడ్డాక అతిథులు, మేడం, ఇంజనీరు నేరుగా ముగ్గు దగ్గరికి నడిచారు, ఫోటోల కోసం; ఊరివాళ్ళు దూరంగా ఆగిపోయారు. నేను దండలు తీసి జీపులో పెట్టి, వాళ్ళ సంచులు దింపి వెనకాల వచ్చాను.

వచ్చేసరికి ఇటుక పైకయ్యల దగ్గర లేదు. కింద, వంక మలుపు తిరిగే చోట ఉంది. అక్కడ ఉన్నది నా బామ్మర్ది చీనీతోట, అంటే బత్తాయి తోట.

చార్టు గీసేది నేను. పెన్సిలు పట్టుకుని ఆగిపోయాను.

"సార్, ఇటుక పైన ఉండె కదా?"

ఆయన తలెత్తలేదు. "ఉండేది ఉన్నట్టు గీయప్పా. దిద్దకూడదు."

"ఎవురన్నా జరిపినారా?"

"గీయప్పా. అన్నాలు చల్లారిపోతాండాయి."

నేను లేనప్పుడు ఊరివాళ్ళే మళ్ళీ మాట్లాడుకుని మార్చుకున్నారనుకున్నాను. మేడాన్ని అడిగితే ఆమె కూడా, "వాళ్ళ ఊరు, వాళ్ళ ఇష్టం. మనం ప్రశ్నించకూడదు" అన్నారు. ఊరివాళ్ళలో గమనించిన ఒకరిద్దరు, పెద్దవాళ్ళు వచ్చి మార్చారేమో, వాళ్ళకు తెలియదా అనుకున్నారట. ఇటుక జరిపింది ఊరని నేనూ, ఆఫీసని ఊరూ అనుకుంటూ, అన్నాలు తిని, చేతులు కడుక్కుని, అందరం సంతకాలు పెట్టాం.

చార్టు చూడకుండానే సంతకం పెట్టిన ఓబులేసు మామ, డ్యాంకు సున్నం గీత కొట్టిన రోజున గానీ చూడలేదు. చీనీతోట పక్కన గీత చూసి, నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"ఏమల్లుడా, ఇటుకకు కాళ్ళొచ్చినాయా?"

"నేను జరపలేదు మామా."

"నేనడిగింది ఇటుక సంగతి. నీ సంగతి యాడడిగితి?"

ఆఫీసుకు పరుగెత్తాను. మార్చేందుకు లేదన్నారు. ఊరి సంతకాలున్న చార్టు ప్రకారమే కట్టాలి, అదే కట్టుబాటు. కట్టారు. మొదటి వానకే చీనీతోట బోరు ఎగదన్నింది. పైకయ్యల బోర్లు ఊట అందక ఒకటొకటిగా ఎండాయి. ఓబులేసు మామ శెనక్కాయలు మానుకుని గొర్రెలు కాస్తున్నాడు. ఊళ్ళో నా పేరు ఖరారైపోయింది, బామ్మర్ది కోసం వంకను తిప్పినోడని. అన్నిటికంటే ఘోరం, నా బామ్మర్ది కూడా అదే నమ్మాడు. గంపెడు చీనీకాయలు మోసుకొచ్చి, "నాకు మాట మాత్రం చెప్పకుండా ఇంత మేలు చేస్తివే బావా" అన్నాడు.

"నేనేం చేయలేదురా!"

"ఊరికే ఉండు బావా. నాకు తెలీదా?"

ఆ కాయలు ఇంట్లో పెట్టనివ్వలేదు. అప్పటి నుంచి నా భార్యకూ నాకూ మాటల్లేవు అనను, ఉన్నాయి, అవసరమైనన్ని ఉన్నాయి. ఊళ్ళో పెళ్ళికి పిలుస్తారు. బంతిలో నా పక్కన విస్తరి ఖాళీగా ఉంటుంది.

రిపోర్టు కాపీ నాకు వేరే దారిలో దొరికింది. సారు రాసిన ఇంగ్లీషే. స్థలం గురించి ఇలా ఉంది: "స్థలము గ్రామస్థుల చేత ఎంపిక చేయబడినది." చేత! మేడాన్ని తప్ప ఎన్నడూ చేసినవాణ్ణి చూపించని మనిషి, ఆ ఒక్కచోట మాత్రం ఊరంతటినీ తెచ్చి వాక్యంలో నిలబెట్టారు. అది అబద్ధం. ఆ వాక్యం చదివిన రోజే నాకు సారు మీద అనుమానం గట్టిపడింది.

నేను ఆఫీసుకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాను. ఆ ఏడాది చివర నా ఉద్యోగం పోయింది. "కొనసాగింపు పరిశీలించబడలేదు" అని కాగితం వచ్చింది. ఆ ఇంగ్లీషు ఎవరిదో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. నా ఉత్తరాలకు మాత్రం ఏ ఇంగ్లీషూ రాలేదు.

తర్వాత సారు కూడా పని మానుకుని పుట్టపర్తి చేరారు. అక్కడ ఒక లాడ్జీలో కింది గదిలో ఉంటూ, లాడ్జీల వాళ్ళకు ఇంగ్లీషు బోర్డులు రాసిపెడుతున్నారని తెలిసింది. వెతుక్కుంటూ పోయాను. వరండాలో కూర్చుని అట్ట మీద రాస్తున్నారు. బట్టలు ఇక్కడ ఉతకబడరాదని, గది ఖాళీ చేసేటప్పుడు తాళాలు అప్పగించబడవలెనని. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఎదురుచూస్తున్న మనిషిలా కుర్చీ జరిపారు. తానే లోపలికి పోయి టీ పెట్టి తెచ్చారు. ఈసారి టీ గ్లాసు బల్ల అంచుకు జరిపేటప్పుడు నేను ఆ చిటికెన వేలినే చూశాను. వంకరగా కనపడిన దేన్నైనా సర్దకుండా ఉండలేని మనిషి, ముగ్గు దగ్గర ఒంటరిగా కూర్చున్నారు. ఎదురుగా ఇటుక.

"సార్, ఒకటి అడుగుతా. ఇటుక మీరే సర్దినారా?"

అట్ట పక్కన పెట్టారు. అన్నారు: "కాలికి తగిలిందప్పా."

"ఎవురి కాలికి?"

"కాలికి."

"మనిషి లేకుండా కాలుంటుందా సార్? ఎవురి కాలు?"

"తగిలింది, దొర్లింది. తీసి పెట్టడం జరిగింది. యాడ ఉండిందో పెట్టినోళ్ళకు తెలీదు."

"మీకు తెలుసు గదా. మీరు ఆడనే కూర్చోని ఉంటిరి గదా. చూస్తిరా, లేదా?"

ఆయన నా మొహంలోకి చూశారు. "నేను చూసినాను" అన్నారు.

అన్నేళ్ళలో ఆయన నోట "నేను" వినడం అదే మొదలు. నేను గబుక్కున ముందుకు వంగాను. ఇంకేముంది, వచ్చేస్తుందనుకున్నాను. ఆయన మళ్ళీ అట్ట అందుకుని, "అంతవరకే నాది" అన్నారు.

"ఆ పొద్దే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆ మనిషి అతిథుల ముందర తలొంచుకోవాల్సి వస్తాదని. ఒక ఇటుక ముక్కే గదా, చార్టులో మీరందరూ చూసుకుంటారులే అనుకోవడమాయ. తర్వాత ఎవురూ చూసుకోకపోవడమాయ."

"దిద్దబోతే వద్దంటిరి!"

ఆయన అట్ట మీద రాయడం మొదలుపెట్టారు. నేను లేచేటప్పుడు మాత్రం, "మీ ఊరికి వస్తా. ఆ ఓబులేసు ముందర చెప్తా" అన్నారు. నమ్మలేదు.

బస్సులో వస్తుంటే నాకు ఒకటి తట్టింది. కాలికి తగిలింది అన్నారు. మా ఊళ్ళో ముగ్గును ఎవరూ తొక్కరు. పాకే పిల్లను కూడా చంకనెత్తుకుని పక్కగా తిరిగి పోతారు. ఆ రోజు ముగ్గు చుట్టూ అందరి చెప్పులూ దూరంగా, బడి గోడవారన ఉన్నాయి. ముగ్గులోకి నడిచిన కాలు మా ఊరి కాలు కాదు. జీపులోంచి దిగిన కాలు. వాళ్ళలో ముగ్గు దగ్గరికి నడిచింది నలుగురే.

ఆయన నిజంగానే వచ్చారు. ముందు చెప్పకుండా, ఒక మధ్యాహ్నం ఆటో దిగారు, అదే తెల్ల చొక్కా, చేతిలో సంచి. బాగా చిక్కిపోయారు. ఓబులేసు మామ ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాం. పదిమంది మూగారు. ఆయన వేడినీళ్ళు అడిగి తాగి, చెంబును అరుగు అంచుకు జరిపి చెప్పారు.

"ఇటుకను ఈయప్ప జరపలేదు. ఆ టైములో ఈయప్ప జీపు కాడ దండలు పట్టుకోని నిలబడుకున్యాడు. చూసినదే చెప్తాండేది."

"సరే సారూ, నమ్ముతాం" అన్నాడు ఓబులేసు మామ. "మరి జరిపిందెవురు?"

సారు వంక వైపు చూశారు. "మొన్న వానకు నీళ్ళు ఎంత దూరం నిలిచినాయి?" అని అడిగారు.

"నీళ్ళ సంగతి నాకు తెలుసు సారూ, చూసేది నేనే. జరిపిందెవురు?"

"జరిగిపోయింది..."

ఓబులేసు మామ నవ్వాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "జరపనోడి పేరు చెప్పేదానికి పుట్టపర్తి నుంచి వస్తివా సామీ? మా ఊర్లో అందరమూ జరపనోళ్ళమే."

నేను ఉండబట్టలేక ముగ్గు సంగతి చెప్పాను. మన ఊళ్ళో ముగ్గును తొక్కేవాళ్ళెవరు మామా, ఆలోచించు, అన్నాను. ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు.

"కాలితో తొక్కనోడు చేత్తో జరపలేడా అల్లుడా?"

అందరూ లేచిపోయారు. సారును ఆటో దాకా నేనే నడిపించాను. దారిలో ఆయన చెయ్యి నా భుజం మీద పడింది. ఆసరా కోసమా, ఇంకెందుకోనా అన్నది నాకు తెలియదు. "మీకేం పోయింది సార్, ఒక్క పేరు!" అన్నాను. ఆయన ఆటోలోకి ఎక్కి సంచి ఒళ్ళో పెట్టుకున్నారు. "గడప మింద కూర్చునేది చూసింటే నువ్వూ చెప్పవప్పా" అన్నారు. అదే ఆఖరు.

అందుకే ఆయన్ని పూర్తిగా తిట్టలేకపోతున్నాను, పూర్తిగా పొగడలేకపోతున్నాను. ఎవరి పెళ్ళామూ వచ్చి గడప మీద కూర్చోకూడదని పేర్లు తీసేస్తూ పోయిన మనిషి. ఆయన తీసేసిన పేరున్నచోట నా పేరు వచ్చి కూర్చుంది. ఖాళీని ఊరు ఊరికే ఉండనివ్వదని ఆయనకు ఏ ఇంగ్లీషు పుస్తకంలోనూ కనపడలేదు కాబోలు. నా భార్య ఈ రాత చూసి, పోయినాయన మీద ఇంకా ఏంది నీ పంచాయితీ అంది. నా పంచాయితీ పోయినాయన మీద కాదు. ఆయన చూసినవాడు. చేసినవాళ్ళు వేరే ఉన్నారు, బతికే ఉన్నారు.

మేడం, ఈ సంచికకు మీరే సంపాదకులని మెసేజిలో ఉంది కాబట్టి మిమ్మల్నే అడుగుతున్నాను. ఆ రోజు ముగ్గులోకి నడిచినవాళ్ళలో అతిథులు ఇద్దరూ కారు, వాళ్ళ ముందర ఆ మనిషి తలొంచుకోకూడదనే కదా సారు చెప్పనిది. మిగిలింది మీరూ, ఇంజనీరూ. నేను కేసు పెట్టను. డ్యాం పగలగొట్టమనను. ఎండిన బోర్లలోకి నీళ్ళు మీ మాటతో రావని నాకూ తెలుసు. కాలు తగలడం తప్పు కాదు, తీసి ఇంకోచోట పెట్టడం కూడా తెలియక చేసిన పనే కావచ్చు. కావాలని చేసిందా అంటే, మీ తోటల్లేవు మా ఊళ్ళో. కానీ ఇన్నేళ్ళు నోరు విప్పకుండా ఉండటం మాత్రం తెలియక చేసింది కాదు.

ఓబులేసు మామకు ఈ మధ్య చూపు మందగించింది. మనిషిని గొంతుతోనే పోల్చుకుంటున్నాడు. ఆయన బతికుండగానే మా ఊరికి రండి. అరుగు మీద కూర్చుని, మీ సొంత గొంతుతో, తెలుగులో చెప్పండి: ఆ ఇటుకను తీసి పెట్టింది మీరా, ఇంజనీరా?